ఉదయగిరి నెక్కు ఉక్కు గుఱ్ఱములు

ఇంగ్లండు దేశపు నడిబొడ్డున వార్విక్‌షైరు అను జిల్లా కలదు. జూన్ మాసమున ఒక ఆదివారము నాడు ఆ సీమలోని పల్లెదారి ప్రక్కన నిలిచి చూచువారికి వింతయైన ఊరేగింపు ఒకటి కనబడును. కనబడుటకు ముందే అది వినబడును. నేటి మోటారు సైకిళ్ల ఏకధారయైన హోరు కాదది. ఒక్కొక్క దెబ్బను లెక్కపెట్టుకొనుటకు వీలగునంత తీరికగా 'టప్పు, టప్పు' మని పలుకుచు వచ్చు ధ్వని. దాని వెనుకనే కాలిన ఆముదపు వాసన తేలివచ్చును. అటుపిమ్మట దారి మలుపున నూరేండ్లు దాటిన యంత్రమొకటి, దానిపై తోలుకోటు తొడిగిన మనిషి ఒకడు కనబడుదురు. ఒకటి పోవుసరికి మఱొకటి, అది పోవుసరికి ఇంకొకటి; ఇట్లు వందలకొలది బండ్లు ఆ పల్లెల మీదుగా సాగిపోవుచుండును.

ఇది బాన్‌బరీ యాత్ర. 'వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్' అను సంఘము 1949లో తొలిసారి నడిపిన దినయాత్ర ఇది. 1930వ సంవత్సరము ముగియులోపల తయారైన మోటారు సైకిళ్లకును, మూడు చక్రముల బండ్లకును మాత్రమే ఇందు ప్రవేశము కలదు. వయస్సులో మిక్కిలి పెద్దవైన యంత్రములకు కొంత సుళువైన దారి, తక్కిన వానికి కొండల దారి నిర్ణయింపబడును. ఇది పందెము కాదు. బహిరంగమైన రహదారిపై పందెములాడుటకు ఆ దేశపు చట్టము ఒప్పుకొనదు. అతి వేగముగా పోయి అందరికంటె ముందు చేరినవాని కిందు మెప్పు లేదు. బయలుదేరిన బండి ఒక నిలకడయైన నడకతో, నడుమ చెడిపోక, చెడిపోయినను దారి ప్రక్కనే బాగుపడి, సాయంకాలమునకు తిరిగి చేరుటయే ఇక్కడి విజయము.

సంఘముల పుట్టుక

మోటారు సైకిలు సంఘములు వినోదము కొఱకు మాత్రమే పుట్టినవి కావు. అవసరము వలన పుట్టినవి. ఇంజనుతో నడుచు బండికి ముందు ఒక మనిషి నడువవలెనన్న నియమము ఇంగ్లండులో 1896 వఱకును ఉండెను. 1903లో చేసిన చట్టము గంటకు 20 మైళ్ల వేగపరిమితిని విధించెను. ఆనాటి యంత్రములు నమ్మదగినవి కావు. రోడ్లపై దుమ్ము, గుఱ్ఱపు నాడాల మేకులు, మరమ్మతు చేయువారు లేని పల్లెలు. ఒంటరిగా బయలుదేరినవాడు ఇల్లు చేరునను నమ్మకము లేదు. నలుగురు కలిసి పోయినచో ఒకని పనిముట్టు మఱొకనికి, ఒకని అనుభవము అందరికిని పనికివచ్చెడిది.

1901లో 'మోటార్ సైక్లింగ్ క్లబ్' ఏర్పడినది. ఆ సంఘము 1904లో లండను నుండి ఎడింబరో వఱకు దాదాపు 400 మైళ్ల యాత్రను నడిపెను. 1908లో ఇంగ్లండు పడమటి కొసయైన లాండ్స్ ఎండ్‌కు యాత్రను ప్రారంభించెను. నిజమైన పందెములు కావలెనన్నవారు వేగపరిమితి లేని చోటును వెదకికొనవలసి వచ్చెను. 1907లో మాన్ ద్వీపమున జరిగిన తొలి టూరిస్ట్ ట్రోఫీ పందెములకు ఇదియే మూలకారణము. ప్రధాన భూభాగమున మాత్రము యంత్రపు నమ్మకమును, నడుపువాని నేర్పును పరీక్షించు యాత్రలే నిలిచినవి. పాత యంత్రములను గౌరవించు తలపును తొలుత ఆచరణలో పెట్టినది సన్‌బీమ్ క్లబ్బు. 1914 ముగియులోపల తయారైన బండ్లతో బ్రైటన్ పట్టణమునకు పోవు 'పయనీర్' యాత్రను ఆ క్లబ్బు 1930లో ప్రారంభించెను.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన నాటికి పరిస్థితి మాఱినది. పాత మోటారు సైకిలు అనగా పాత ఇనుము. కొట్టములలో త్రుప్పు పట్టుచున్న యంత్రములను తూకమునకు అమ్మివేయుచుండిరి. అట్టి దినములలో, 1946 ఏప్రిల్ మాసమున, సి. ఇ. 'టిచ్' అలెన్ అను ఉత్సాహవంతుని పిలుపుపై కొందఱు సరీ జిల్లాలోని హాగ్స్ బ్యాక్ అను కొండగట్టుపై నున్న ఒక కాఫీ హోటలు వద్ద కూడిరి. వారు స్థాపించినదే వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్. పాత యంత్రమును అలంకారముగా నిలుపుటకాక, దానిని నడుపుచునే కాపాడవలెనన్నది వారి సంకల్పము. మూడేండ్లకు బాన్‌బరీ యాత్ర మొదలయ్యెను.

చేతులకు తీరిక లేని ప్రయాణము

నేటి విద్యార్థి ఈ బండ్లలో ఒకదానిపై కూర్చున్నచో కదలుట కూడ కష్టమే. మీట నొక్కిన వెంటనే మేల్కొను యంత్రములు కావివి. 1910 ప్రాంతపు బండ్లలో పెక్కింటికి క్లచ్చి లేదు, గేర్లు లేవు. ఇంజను నుండి వెనుక చక్రమునకు శక్తిని చేరవేయునది ఒక తోలు పట్టా. బండిని పట్టుకొని ప్రక్కన పరుగెత్తి, ఇంజను పలికిన క్షణమున పైకి దుమికి కూర్చుండవలెను. ఇంజను తిరుగుచున్నంతసేపు బండి పోవును. బండి నిలిచినచో ఇంజనును నిలుచును. ఎదుట ఆవులమంద అడ్డము వచ్చినదా, ప్రయాణమంతయు మరల మొదటి నుండియే.

నడచుచున్న బండిపై కూడ చేతులకు తీరిక యుండదు. పెట్రోలునకు ఒక మీట, గాలికి ఒక మీట, నిప్పురవ్వ ముందు వెనుకలను దిద్దుటకు మఱొక మీట. ఇంజనుకు నూనె దానంతట అది పోదు. పెట్రోలు తొట్టి ప్రక్కన చిన్న చేతిపంపు ఉండును. కొన్ని మైళ్లకొకసారి దానిని నొక్కి ఒక గుటక నూనె త్రాగింపవలెను. మఱచినచో ఇంజను వేడెక్కి బిగిసిపోవును. ఎక్కువైనచో నీలి పొగ మేఘమై వెంబడించును. పొగను చూచి నూనె కొలతను, ధ్వనిని విని గాలి కొలతను తెలిసికొనుట నాటివారి విద్య. వాన కురిసినచో తోలుపట్టా జారును. ఎండ కాసినచో సాగును. అందుచేత పట్టాను కత్తిరించి ముడివేయు పనిముట్టు ప్రతివాని జేబులోను ఉండెడిది. రాత్రి దీపమునకు విద్యుత్తు లేదు. కార్బైడు ముక్కలపై నీటిబొట్లు పడగా పుట్టు ఎసిటలీన్ వాయువే వెలుగు. మన పల్లెలలో పెండ్లి ఊరేగింపులకు, తిరునాళ్ల అంగళ్లకు వెలుగునిచ్చిన గ్యాసు దీపములను ఎఱిగిన పెద్దలకు ఆ వాసన క్రొత్త కాదు.

ఆముదపు సంగతియు చెప్పదగినది. తొలినాటి ఇంజన్లకు ఆముదమును మించిన నూనె లేదని యంత్రజ్ఞులు నమ్మిరి. గొప్ప వేడిలోను పలుచబడక లోహమును అంటిపెట్టుకొనుట దాని గుణము. 'కాస్ట్రాల్' అను ప్రసిద్ధ నామమునకు మూలము ఆముదపు ఇంగ్లీషు పేరే. ఆ కాలమున లోకమునకు ఆముదపు గింజల నందించిన దేశములలో భారతదేశము ముఖ్యమైనది; దేశమున హైదరాబాదు సంస్థానపు మెట్టపొలములు ఆ పంటకు పేరుపొందినవి. బాన్‌బరీ దారిలో నేటికిని కొందఱి బండ్ల వెంట తేలివచ్చు ఆ వాసన తెలుగువారికి తెలియని వాసన కాదు.

కొండ ముందర

ఈ యాత్రకు గుండెకాయ వంటిది ఒక కొండ. దాని పేరు సన్‌రైజింగ్ హిల్. మన నెల్లూరు సీమలో ఉదయగిరి యున్నట్లే అదియు ఒక ఉదయగిరి. బాన్‌బరీ నుండి షేక్‌స్పియర్ మహాకవి పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్‌కు పోవు దారి ఇక్కడ ఎడ్జ్‌హిల్ అను గట్టును దాటును. పల్లము నుండి పైకి వచ్చువారికి దారి ఒక్కసారిగా నిలువుగా లేచును. నేటి కారు నడుపువాడు దానిని గమనింపకయే దాటిపోవును. మూడున్నఱ అశ్వశక్తి గలదని పేరుపడిన ఒంటి సిలిండరు బండికి అది మేరువు.

ప్రేక్షకులు గుంపులు గుంపులుగా నిలుచు చోటు ఇదియే. దిగువనుండి బండి ధ్వని వినబడగానే అందఱును చెవియొగ్గుదురు. గేరు లేని బండివాడు వీలైనంత వేగమును క్రిందనే కూడబెట్టుకొని కొండపైకి దుముకును. మొదటి మలుపు వఱకు ఆ వేగము వానికి తోడు వచ్చును. అటుపిమ్మట దెబ్బకును దెబ్బకును నడుమ ఎడము పెరుగును. 'టప్పు... టప్పు...' ఇక నిలుచునేమో యనిపించును. పెడళ్లున్న బండియైనచో ముసలి కాళ్లు వానిని త్రొక్కును. పెడళ్లు లేనిచో నడుపువాడు క్రిందికి దుమికి, బండి బరువును తగ్గించి, ప్రక్కన పరుగెత్తును. ఎనుబది యేండ్ల మనిషి నూటపదేండ్ల యంత్రమును బుజ్జగించుచు కొండ నెక్కించు దృశ్యము అది. ఇంజను నిలిచిపోయినచో నడికొండపై మరల మొదలిడుట కుదరదు. క్రిందికి దిగి, ఊపిరి తీసికొని, మరల రావలసినదే. రెండవసారి వచ్చి ఎక్కినవానికి మొదటిసారి ఎక్కినవానికంటె ఎక్కువ చప్పట్లు లభించుట అచటి మర్యాద.

ఈ గట్టుకు చరిత్రయు కలదు. 1642 అక్టోబరు 23న మొదటి చార్లెసు రాజు సేనలును, పార్లమెంటు సేనలును తొలిసారి పెద్దయెత్తున తలపడినది ఈ ఎడ్జ్‌హిల్ క్రిందనే. ఆ పోరు ఎటును తేలక ముగిసెను. చుట్టునున్న పల్లెలలోని ఇండ్లు ఈ గట్టునందే దొరకు తేనెరంగు రాతితో కట్టినవి. సాయంకాలపు ఎండలో ఆ గోడలు కాచిన బెల్లపు పాకమువలె మెఱయును. యాత్రకు పేరునిచ్చిన బాన్‌బరీ పట్టణము ఇంగ్లీషు నేర్చిన మన పిల్లలకును పరిచితమే. తెల్లగుఱ్ఱముపై వచ్చు దొరసాని శిశుగీతములోని ఊరు అదియే. ఆ ఊరి పాత శిలువస్తంభములను మతావేశపరులు 1600లో కూల్చివేసిరి. నేడున్నది 1859లో కట్టినది. ఎండుద్రాక్ష కూరిన పిండివంట ఒకటి ఆ ఊరి పేరు మీదనే ప్రసిద్ధము. మన కజ్జికాయకు దూరపు చుట్టమనదగినది.

రెడ్డిచ్ నుండి మద్రాసుకు

కొండ నెక్కు బండ్ల తొట్లపై వ్రాసియున్న పేర్లు చదివినచో ఆ సీమ యొక్క పారిశ్రామిక చరిత్ర అంతయు తెలియును. ట్రయంఫ్, రడ్జ్ - కొవెంట్రీ నగరపు బిడ్డలు. నార్టన్, బి.ఎస్.ఎ., వెలోసెట్ - బర్మింగ్‌హామ్‌వి. సన్‌బీమ్, ఎ.జె.ఎస్. - వుల్వర్‌హాంప్టన్‌వి. రాయల్ ఎన్‌ఫీల్డ్ రెడ్డిచ్ పట్టణపుది. యాత్ర సాగు దారులనుండి ఈ ఊళ్లలో ఏదియు చాల దూరము కాదు. బండ్లు తమ పుట్టింటి ప్రాంగణముననే ఆడుకొనుచున్నవన్నమాట.

రెడ్డిచ్ మొదట సూదుల ఊరు. లోకమునకు కావలసిన సూదులలో అధికభాగము ఒకప్పుడు అక్కడనే తయారయ్యెడిది. సన్నని ఉక్కుతో పనిచేయు ఆ చేతినేర్పు నుండియే సైకిళ్లు, తుపాకీ భాగములు, 1901లో మోటారు సైకిలు పుట్టినవి. 'బుల్లెట్' అను పేరు 1932లో వచ్చినది. 1955లో ఆ కంపెనీ మద్రాసులోని వర్తకులతో కలిసి ఇక్కడ కర్మాగారమును నెలకొల్పెను. ఆంధ్రరాష్ట్రము మద్రాసు నుండి వేఱుపడి అప్పటికి రెండేండ్లే అయ్యెను. మద్రాసు ఇంకను తెలుగువారికి ఇరుగుపొరుగే. సైనికులతోను, పోలీసు అధికారులతోను ఆ బండి తెలుగు నాటి పల్లెలకు వచ్చినది. బుల్లెట్టు వచ్చుచున్నదనిన మైలు దూరమునుండియే ఊరికి తెలిసెడిది.

విచిత్రమేమనగా, రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతపడెను. 1970 నాటికి ఇంగ్లండున ఆ పేరుతో బండి తయారగుట నిలిచెను. మద్రాసులో మాత్రము ఆగలేదు. తల్లివేరు ఎండినను దూరమున పాతిన అంటు చిగిర్చెను. తక్కిన పేర్లకు అట్టి అదృష్టము లేకపోయెను. కొవెంట్రీలోని ట్రయంఫ్ కర్మాగారము 1940 నవంబరు బాంబుదాడిలో నేలమట్టమయ్యెను. పిమ్మట మెరిడెన్‌లో కట్టినది 1983లో మూతపడెను. బి.ఎస్.ఎ. 1970ల ఆరంభముననే కుప్పకూలెను. కొన్ని పేర్లు క్రొత్త యజమానుల చేతిలో మరల లేచినవి గాని, ఆ పాత యంత్రములను పోతపోసిన చేతులు తిరిగి రాలేదు.

అద్దాల గదిలోనా, దారి మీదనా

ఇక్కడనే ఈ ఆదివారపు వినోదము వెనుక నున్న గంభీరమైన ప్రశ్న ఎదురగును. అట్టి అపురూపమైన యంత్రమును వానలోను, దుమ్ములోను నడిపి అరుగదీయవచ్చునా? వస్తుప్రదర్శనశాలలో అద్దముల వెనుక భద్రపఱచుట మేలు కాదా? ఒక్కొక్క యాత్రలో ఏదో ఒక బండికి గొట్టము పగులును, పట్టా తెగును, పిస్టను బిగియును. ఆ భాగములు ఏ అంగటను దొరకవు. అరిగిన ప్రతి భాగముతో నాటి అసలు లోహము కొంత పోవును. ఈ వాదమున సత్యము లేకపోలేదు.

కాని అద్దాల గది కూడ అభయస్థానము కాదని 2003 సెప్టెంబరులో తేలినది. బర్మింగ్‌హామ్ సమీపముననున్న జాతీయ మోటారు సైకిలు ప్రదర్శనశాలలో నిప్పంటుకొని వందలాది యంత్రములు కాలిపోయినవి. పిమ్మట వానిలో పెక్కింటిని మరల బాగుచేసి, 2004 డిసెంబరులో ఆ శాలను తెఱచిరి. మాడి మసియైన ఇనుమును మరల యంత్రముగా చేయగలిగినది ఎవరు? ఆ భాగముల కొలతలు తెలిసినవారు. ఆ ఇంజనులను విప్పి బిగించినవారు. ఏ మర ఎంత బిగువుండవలెనో వ్రేళ్లతో ఎఱిగినవారు. అట్టి విద్య నిలిచియుండుటకు కారణము ఆ బండ్లు నడుచుచుండుటయే. గూటిలో నిలిపిన రథమునకు మేకు వదులైనదో లేదో ఎవరికి తెలియును? ఏటేటా తేరు లాగు ఊరిలోనే తేరును బాగుచేయు వడ్రంగి మిగులును.

క్లబ్బు ఈ సంగతి నెఱిగి రెండు పనులు చేయుచున్నది. ఒకటి, పాత కర్మాగారముల పుస్తకములను, పటములను తన గ్రంథాలయమున భద్రపఱచి, ఏ యంత్రము ఏ సంవత్సరమున పుట్టినదో నిర్ధారించి పత్రమిచ్చుట. రెండవది, ఇట్టి యాత్రల ద్వారా ఆ కాగితపు జ్ఞానమును మనుష్యుల చేతులలోనికి దింపుట. దారి ప్రక్క బండి నిలిచినచో వెనుక వచ్చువాడు ఆగి పలుకరించుట అలిఖితమైన నియమము. ఆ అర్ధగంటలో తెల్లజుట్టువాడు చెప్పినది నూనూగు మీసములవాడు నేర్చుకొనును. ఏ పాఠశాలలోను లేని పాఠమది.

చిక్కులు లేకపోలేదు. బ్రిటనులో 2021 సెప్టెంబరు నుండి సాధారణమైన పెట్రోలులో నూటికి 10 పాళ్ల వఱకు ఇథనాలు కలియుచున్నది. అది వాతావరణమునకు మేలని చెప్పుదురు గాని, నీటిని పీల్చు గుణము వలన పాత ఇనుప తొట్టిని త్రుప్పు పట్టించును. పాత రబ్బరును, బెండు బిరడాలను కరగించును. యంత్రములను ప్రేమించినవారు వృద్ధులగుచున్నారు. వాని ధరలు పెరిగి, యువకులకు అందనివి కొన్ని ఉన్నవి. పొగను, చప్పుడును నేటి లోకము మునుపటివలె సహింపదు. ఏడాదికి ఒకనాటి ముచ్చటయని ఆ పల్లెలవారు గేట్ల వద్ద కుర్చీలు వేసికొని చేతులూపుట సంఘమువారి అదృష్టము.

ఆ చేతులూపువారిలో పిల్లలే ఎక్కువ. వారి ముందు పోవువాడు ఎంత పాత బండి నడుపుచున్నను తలపై శిరస్త్రాణము క్రొత్తదే యుండును. దాని వెనుక ఒక కథ కలదు. 'లారెన్స్ ఆఫ్ అరేబియా' యని పేరొందిన టి. ఇ. లారెన్స్ 1935 మే 13న డార్సెట్ జిల్లా పల్లెదారిలో బ్రఫ్ సుపీరియర్ మోటారు సైకిలుపై పోవుచు, సైకిళ్లపై నున్న ఇద్దఱు బాలురను తప్పింపబోయి పడెను. ఆరు దినములకు మరణించెను. వానిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుడు ఆ తరువాత మోటారు సైకిలు ప్రమాదములందలి తలగాయములను పరిశోధించి, 1941లో తన వ్యాసమును ప్రకటించెను. శిరస్త్రాణము ప్రాణమును కాచునని లోకము ఒప్పుకొనుటకు ఆ కృషి పునాది. బ్రిటనులో అది 1973లో చట్టమయ్యెను. పాత దానిని ప్రేమించుట యనగా పాత పొరపాటును కూడ ప్రేమించుట కాదు.

సాయంకాలమునకు బండ్లు ఒక్కొక్కటిగా తిరిగివచ్చును. తేనీటి కప్పు చేతబట్టి, నూనె మరకల చేతులతో, ఎవని బండి ఎచట మొరాయించినదో చెప్పుకొని నవ్వుకొందురు. రాని బండ్లను సహాయపు లారీ మోసికొని వచ్చును. అవి వచ్చునప్పుడును చప్పట్లే.

వారు ఎక్కిన గట్టు క్రింది పల్లమునకు 'ఎఱ్ఱగుఱ్ఱపు లోయ' యని పేరు. టైసో అను ఊరికి పైన, కొండవాలున, గడ్డిని చెక్కి ఎఱ్ఱమన్ను బయటపడునట్లు మలచిన పెద్ద గుఱ్ఱపు బొమ్మ ఒకటి పూర్వముండెను. మట్టల ఆదివారము నాడు ఊరివారు కూడి, మొలచిన గడ్డిని చెక్కి ఆ బొమ్మను శుభ్రపఱచు ఆచారము ఉండెడిదట. ఆచారము నిలిచినంత కాలము గుఱ్ఱము నిలిచెను. ఒకనాటికి జనులు పోవుట మానిరి. నేడు ఆ లోయకు పేరు మిగిలినది గాని గుఱ్ఱము లేదు.

ఆ లోయ మీదుగానే, ఏటికొక ఆదివారము, ఉక్కు గుఱ్ఱములు కొండ నెక్కుచున్నవి.